మాంతోన్‌లో మూడు రోజులు: తోటలు, పాత ఊరు, సరిహద్దు దాటితే హన్‌బరీ

ఫ్రాన్స్ ఆగ్నేయ మూలన, ఇటలీ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు మాంతోన్. జనాభా 30,000 ప్రాంతం. వెనక నిటారుగా ఆల్ప్స్ కొండలు, ముందు మధ్యధరా సముద్రం, మధ్యలో ఇరుకైన నేల. నీస్, మొనాకో చూడటానికి వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడికి ఓ పూట తీరిక చేసుకుని వస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటకు రైలు దిగేసరికి తోట గేటు మూసి ఉంటుంది, చర్చి తలుపూ మూసి ఉంటుంది. ఒడ్డున ఐస్‌క్రీమ్ తిని, రంగురంగుల ఇళ్ల ముందు ఫొటో దిగి, 'బాగుంది గానీ చూడటానికి పెద్దగా ఏమీ లేదు' అనుకుంటూ వెళ్లిపోతారు.

ఊళ్లో చూడాల్సినవాటికి లోటు లేదు, వాటి వేళలు కలవకపోవడమే చిక్కు. వాల్ రామే తోట పారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియానిది, సెర్ ద లా మదోన్ తోట తీర ప్రాంత భూములను కాపాడే ప్రభుత్వ సంస్థది, ఫోంతానా రోజా, మారియా సెరేనా తోటలు పురపాలక సంఘానివి, సరిహద్దు అవతల ఇటలీలో ఉన్న హన్‌బరీ తోటను జెనోవా విశ్వవిద్యాలయం చూసుకుంటుంది. సెలవు రోజు, మధ్యాహ్న విరామం ఎవరివి వారివే. కాబట్టి ముందు తలుపులు తెరిచే వేళలు చూసుకోవాలి, తర్వాతే రోజుల లెక్క వేయాలి. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది.

1. నెల ఎంచుకోవడం

మనకు వానలు జూన్‌లో మొదలై సెప్టెంబర్ దాకా పడతాయి, పచ్చదనమూ అప్పుడే. మధ్యధరా తీరంలో ఇది తలకిందులు. వానలు శరదృతువులో, చలికాలంలో పడతాయి, వేసవి ఎండిపోయి ఉంటుంది. అక్కడి మొక్కల్లో చాలావాటికి జూలై, ఆగస్టు విశ్రాంతి కాలం. పాఠశాల సెలవులు కదా అని ఆగస్టులో వెళ్లినవాళ్లకు తోటలు సగం నిద్రలో కనిపిస్తాయి. ఎండకు మెట్లు ఎక్కలేరు, గదుల అద్దెలు కూడా అప్పుడే ఎక్కువ.

తోటల కోసమే వెళ్తే మార్చి చివరి నుంచి మే చివరి వరకు అన్నిటికన్నా మంచి కాలం. జూన్ మొదటి వారాంతంలో ఫ్రాన్స్ అంతటా తోటల పండుగ జరుగుతుంది. మామూలుగా జనాన్ని రానివ్వని ప్రైవేటు తోటలు కొన్ని ఆ రెండు మూడు రోజులు తెరుస్తారు. మాంతోన్‌లో అలాంటివి చాలా ఉన్నాయి కాబట్టి ఆ తేదీలు కుదిరితే వదులుకోకండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొండవాలంతా మిమోసా పసుపు పూలు పూస్తుంది. మన తుమ్మకు ఇది దగ్గరి బంధువు. అక్టోబర్‌లో సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, జనం తగ్గుతారు, కానీ ఆ నెల చివర్లో, నవంబర్‌లో కుండపోత వానలు పడే రోజులుంటాయి.

ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మొదటి రోజుల వరకు నిమ్మపండ్ల పండుగ జరుగుతుంది. 1930లలో మొదలైన ఈ పండుగకు దాదాపు 140 టన్నుల నిమ్మ, నారింజ పండ్లు వాడతారు. రైల్వే స్టేషన్ దగ్గర నుంచి సముద్రం దాకా సాగే బియోవెస్ ఉద్యానవనంలో ఇనుప చట్రాల మీద ఒక్కో పండును రబ్బరు బ్యాండుతో బిగించి కోటలు, జంతువులు, గుడులు కడతారు. కుళ్లిన పండ్లను పండుగ జరుగుతున్నన్నాళ్లూ మారుస్తూనే ఉంటారు. ఒక సంగతి ముందే తెలిస్తే నిరాశ ఉండదు. ఆ పండ్లలో ఎక్కువ భాగం స్పెయిన్ నుంచి వచ్చేవే. మాంతోన్ నిమ్మ పండేది చాలా కొద్దిగా, ధర చాలా ఎక్కువ, కాబట్టి దాన్ని ఊరేగింపు బళ్ల మీద కట్టరు. పండుగ ఆదివారాల్లో రైళ్లు కిక్కిరిసిపోతాయి. బొమ్మలు చూడాలంటే మామూలు పనిరోజున పొద్దున్నే వెళ్లండి. ఊరేగింపే కావాలంటే ఆ ఒక్క రోజు తోటల మీద ఆశ పెట్టుకోకండి.

2. వారం ఎంచుకోవడం

ప్రయాణాలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. వాల్ రామే తోటకు మంగళవారం సెలవు. చిత్రకారుడు కోక్తో బొమ్మలున్న బాస్టియన్ మ్యూజియానికీ మంగళవారమే. సెర్ ద లా మదోన్‌కు సోమవారం సెలవు, పైగా ఏడాది చివర్లో కొన్ని వారాలు పూర్తిగా మూసి ఉండటం మామూలు. పురపాలక భవనంలో కోక్తో చిత్రించిన పెళ్లి మందిరాన్ని కార్యాలయం పనిచేసే రోజుల్లోనే చూడనిస్తారు, శనివారాలు అక్కడ నిజంగానే పెళ్లిళ్లు జరుగుతాయి. ఫోంతానా రోజా, మారియా సెరేనా తోటలను గైడ్ వెంట, నిర్ణీత రోజుల్లో, నిర్ణీత గంటకే చూడాలి. హన్‌బరీకి చలికాలంలో సోమవారం సెలవు.

వీటన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే సోమ, మంగళవారాలు పక్కకు పోతాయి. బుధవారం మధ్యాహ్నానికి చేరుకుని శనివారం సాయంత్రం బయల్దేరడం అన్నిటికీ కుదిరే పద్ధతి. గురువారం పాత ఊరు, వాల్ రామే, శుక్రవారం ఫోంతానా రోజా, సెర్ ద లా మదోన్, శనివారం హన్‌బరీ. బుధవారం సాయంత్రం సముద్రపు ఒడ్డు నడకకు సరిపోతుంది.

గైడ్ సందర్శనల రోజులు సీజన్‌ను బట్టి మారతాయి. విమానం టికెట్ కొనే ముందే ఊరి పర్యాటక కార్యాలయం వెబ్‌సైట్‌లో ఆ నెల పట్టిక చూసి, ఫోంతానా రోజా ఏ రోజు పడితే దాని చుట్టూ మిగతావి అమర్చుకోండి. అన్నిటికన్నా తక్కువసార్లు తెరిచేది అదే కాబట్టి లెక్క దానితోనే మొదలుపెట్టాలి. ఆ సందర్శన ఎక్కువగా ఫ్రెంచ్‌లోనే సాగుతుంది. ఇంగ్లిష్ కావాలంటే ముందే అడగండి, లేకపోతే కళ్లతో చూసినా సరిపోయే తోటే అది.

ఖర్చు పెద్ద సమస్య కాదు. తోటల టికెట్లు ఒక్కోటి కాస్త అటూ ఇటూగా 10 యూరోల లోపే. పాత ఊరు, శ్మశానం, ఒలీవ్ తోట ఉచితం.

3. చేరుకోవడం, బస

నీస్ విమానాశ్రయం నుంచి ట్రామ్‌లో నీస్ రైల్వే స్టేషన్ వైపు వెళ్లి, అక్కడ ఇటలీలోని వెంటిమిల్యా వైపు వెళ్లే ప్రాంతీయ రైలు ఎక్కాలి. ప్రయాణం 40 నిమిషాల లోపే. కుడివైపు కిటికీ పట్టుకోండి, సముద్రం అటే. మాంతోన్ పేరుతో రెండు స్టేషన్లు ఉన్నాయి: ఊరి మధ్యన మాంతోన్, ఇటలీ వైపు చివరన మాంతోన్ గరవాన్. శుక్రవారం పొద్దున పని గరవాన్‌లోనే కాబట్టి ఈ రెండో పేరు గుర్తుపెట్టుకోండి. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు, ఎక్కే ముందు చూసుకోవాలి.

శుక్రవారాల్లో వెంటిమిల్యాలో పెద్ద సంత జరుగుతుంది. పొద్దున తూర్పుకు వెళ్లే రైళ్లు, మధ్యాహ్నం తిరిగి వచ్చే రైళ్లు కూరగాయల సంచులతో నిండిపోతాయి. శుక్రవారం హన్‌బరీకి వెళ్లొద్దనడానికి ఇదే కారణం.

ఇటలీ నుంచి వచ్చే రైళ్లను ఫ్రెంచ్ పోలీసులు గరవాన్ స్టేషన్లో ఆపి తనిఖీ చేస్తారు. రెండు దేశాలూ ఒకే వీసాతో తిరగగల షెంగెన్ కూటమిలోనివే కదా అని పాస్‌పోర్టును హోటల్ గదిలో వదిలేస్తే అక్కడే ఇబ్బంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు అసలు పాస్‌పోర్టు, వీసా పేజీ వెంట ఉంచుకోండి. ఫోన్లో ఫొటో ఉంటే చాలదు. నీస్‌లో, ఆ దగ్గర్లోని సోఫియా ఆంటిపోలిస్‌లో చదువుకుంటూ వారాంతానికి ఇక్కడికి వచ్చే మన విద్యార్థులైతే నివాస అనుమతి కార్డు కూడా తీసుకెళ్లాలి.

బసకు పాత ఊరికీ మాంతోన్ స్టేషన్‌కూ మధ్య ఉన్న సమతల ప్రాంతం మేలు. పాత ఊరి లోపల గది అందంగా ఉంటుంది గానీ అక్కడికి కారు రాదు, పెట్టె మోసుకుంటూ వందకు పైగా మెట్లు ఎక్కాల్సి రావచ్చు. అమ్మానాన్నలతో వెళ్తుంటే గది ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా అనేది రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అక్కడ 'మొదటి అంతస్తు' అంటే మనలాగే నేల మీది అంతస్తుకు పైది.

4. పాత ఊరు: కింది నుంచి పైకి, పొద్దున్నుంచి మధ్యాహ్నానికి

పాత ఊరి ఇళ్ల ముఖం తూర్పు వైపు, గరవాన్ అఖాతం మీదికి ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి సూర్యుడు కొండ వెనక్కి పోయి ఇళ్లు నీడలో పడతాయి. కాబట్టి అందరూ తీసే ఆ పసుపు, గులాబి రంగు ఇళ్ల ఫొటో కావాలంటే పొద్దున ఎనిమిదిన్నరకల్లా రేవు గోడ చివరికి నడవండి. వెనక్కి తిరిగితే కొండలు, చర్చి గోపురం, మెట్లు అన్నీ ఒకే చట్రంలోకి వస్తాయి.

తొమ్మిదింటికి మార్కెట్. 1898లో కట్టిన ఈ భవనంలో అమ్మకాలు ఒంటిగంట లోపే ముగుస్తాయి, మధ్యాహ్నానికి వాయిదా వేస్తే ఖాళీ బల్లలే మిగులుతాయి. శాకాహారులకు ఇక్కడ నిశ్చింతగా తినదగ్గది సోకా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె కలిపి పెద్ద పళ్లెంలో కాల్చిన అట్టు, గుడ్డు ఉండదు, మిరియాలు చల్లుకుని వేడిగా తినాలి. బార్బజువాన్ అంటే ఆకుకూర, జున్ను కూరి నూనెలో వేయించిన చిన్న కజ్జికాయ. కొందరు గుడ్డు కలుపుతారు, అడగండి. పిషాద్ అనే టమాటా ఉల్లిపాయల రొట్టె మీద చిన్న ఉప్పు చేపలు పెట్టే అలవాటుంది. 'సాంజ్ ఆన్‌ష్వా' అంటే చేపలు లేకుండా అని అర్థం. నారింజ పూల నీరు, సోంపు గింజల వాసనతో తియ్యగా ఉండే ఫుగాస్ రొట్టె ప్రయాణంలో తినడానికి బాగుంటుంది.

నిమ్మకాయలు కొనాలంటే ఇక్కడే. 2015 నుంచి 'మాంతోన్ నిమ్మ' పేరుకు ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు ఉంది. చలికాలం నుంచి వసంతం దాకా దొరికేదే అసలైనది, తరచుగా ఆకుతో సహా అమ్ముతారు. తొక్కలో నూనె ఎక్కువ, పులుపు తక్కువ. ఆగస్టులో ఎవరైనా ఆ పేరుతో బుట్టలు పెట్టి అమ్ముతుంటే గుర్తింపు ముద్ర చూపించమనండి. 1956 ఫిబ్రవరిలో పడిన గడ్డమంచుకు ఇక్కడి నిమ్మతోటలు దెబ్బతిన్నాయి. ఈనాటి కొద్దిపాటి పంట ఆ తర్వాత తిరిగి నాటిందే.

మార్కెట్ నుంచి సముద్రపు ఒడ్డునే తూర్పుకు నడిచి, బోనపార్ట్ గట్టు దగ్గర జంట మెట్ల దారి ఎక్కితే సెయింట్ మిషెల్ చర్చి ముందరి చప్టాకు చేరతారు. కాళ్ల కింద తెలుపు, నలుపు గులకరాళ్లతో పరిచిన నేల, అందులో మొనాకోను ఏలే గ్రిమాల్డి వంశపు చిహ్నం. ఇక్కడ అది ఎందుకుందంటే, 1848 దాకా ఈ ఊరు మొనాకో రాజ్యంలోది. ఆ ఏడు తిరుగుబాటు చేసి స్వేచ్ఛానగరంగా ప్రకటించుకుంది. 1860లో ఓటు వేసి ఫ్రాన్స్‌లో చేరింది. మరుసటి ఏడు మొనాకో రాజు మాంతోన్, పక్కనున్న రోక్‌బ్రూన్ మీద హక్కులను 40 లక్షల ఫ్రాంకులకు వదులుకున్నాడు. చర్చి 1619లో మొదలుపెట్టింది, లోపల పాలరాయి, ఎర్ర పట్టు, బంగారు పూత. మధ్యాహ్నం దీన్ని కూడా మూస్తారు, అందుకే పదకొండు లోపు వెళ్లండి. భుజాలు, మోకాళ్లు కప్పుకునే బట్టలు మంచిది. జూలై, ఆగస్టులలో ఈ చప్టా మీదే 1950 నుంచి సంగీతోత్సవం జరుగుతోంది. ఆ కాలంలో కుర్చీలు, వేదిక కట్టి ఉంటే నేల మీది రాళ్ల బొమ్మలు కనిపించవు.

పైకి ఇంకా ఎక్కితే పాత కోట ఉన్న చోటే శ్మశానం. పర్యాటకులు సగం మంది చప్టా దగ్గరే ఆగిపోతారు, అది పొరపాటు. ఈ ఊరికి ఇన్ని తోటలు ఎందుకో అర్థమయ్యేది ఇక్కడే. 1859లో జేమ్స్ హెన్రీ బెన్నెట్ అనే ఇంగ్లిష్ వైద్యుడు క్షయతో, చనిపోతాననుకుంటూ మాంతోన్ వచ్చి కోలుకున్నాడు. ఉత్తరపు చలిగాలిని కొండలు అడ్డుకునే ఈ చోటు గురించి రాసి, ప్రచారం చేశాడు. ఆయన మాట విని ఇంగ్లండ్, రష్యా, జర్మనీల నుంచి డబ్బున్న రోగులు చలికాలాలు గడపడానికి వచ్చారు. సమాధుల మీద పుట్టిన, పోయిన ఏళ్లు లెక్క కట్టి చూడండి, ఇరవై, ఇరవై రెండు దాటనివాళ్లు చాలామంది. బతికి ఉన్నవాళ్లు భవంతులు కట్టుకుని, తమ దేశంలో బతకని మొక్కలన్నీ తెచ్చి నాటారు. ఆ ఖండాంతరాల మొక్కలే ఈనాటి తోటలు.

ఇక్కడే విలియం వెబ్ ఎల్లిస్ సమాధి ఉంది. చిన్నప్పుడు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తి రగ్బీ ఆటకు కారణమయ్యాడని కథ చెప్పే మతగురువు ఈయనే. ఆ కథకు గట్టి ఆధారం లేకపోయినా ప్రపంచ కప్పుకు ఆయన పేరే పెట్టారు. 1872లో చనిపోయాడు. మరిచిపోయిన సమాధిని 1958లో కనుక్కున్నారు. అభిమానులు పెట్టిన బంతులు, ఫలకాలతో అది వెంటనే తెలిసిపోతుంది.

దిగేటప్పుడు వచ్చిన దారిన కాకుండా రూ లాంగ్ అనే పాత ప్రధాన వీధి గుండా రండి. నీడగా ఉంటుంది, వాలు మెల్లగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇదే నయం. భోజనం పన్నెండున్నరకే కానివ్వండి. రెండు దాటితే చాలా వంటశాలలు రాత్రి ఏడు దాకా పొయ్యి వెలిగించవు.

భోజనం తర్వాత కోక్తో. కవి, చిత్రకారుడు, సినిమా దర్శకుడు జాన్ కోక్తో 1950లలో ఈ ఊరితో ముడిపడ్డాడు. పురపాలక భవనంలో పెళ్లిళ్లు నమోదు చేసే గదిని 1957, 58లలో గోడల నుంచి పైకప్పు దాకా తానే చిత్రించాడు. ఎదుటి గోడ మీద స్థానిక గడ్డి టోపీ పెట్టుకున్న అమ్మాయి, జాలరి అబ్బాయి. అబ్బాయి కన్ను చేప ఆకారంలో ఉంటుంది, దగ్గరికి వెళ్లి చూడండి. నేల మీద చిరుతపులి చర్మం లాంటి తివాచీ. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత ఒడ్డునున్న 17వ శతాబ్దపు బాస్టియన్ కోటబురుజు. దాన్ని తన చిత్రాల కోసం కోక్తో దగ్గరుండి బాగుచేయించాడు. 1963లో ఆయన చనిపోయాక, 1966లో తెరిచారు. లోపల నేల మీది గులకరాళ్ల సాలమాండర్ (బల్లిలా కనిపించే జీవి) బొమ్మ, పైన ప్రేమికుల రంగు సుద్ద చిత్రాలు ముఖ్యం.

దాని దగ్గర్లోనే తెల్లటి దంతాల్లాంటి స్తంభాలతో ఉన్న పెద్ద కొత్త భవనం 2011లో తెరిచిన మరో కోక్తో మ్యూజియం. 2018 అక్టోబర్ తుఫానులో సముద్రం దాని అడుగు అంతస్తులోకి వచ్చాక మూతపడింది. పాత గైడ్ పుస్తకాలు చూసి దానికి రెండు గంటలు కేటాయించకండి. బయటి నుంచి చూసి ముందుకు సాగండి.

5. వాల్ రామే: మధ్యాహ్న విరామం అయ్యాక

పాత ఊరి నుంచి గరవాన్ వైపు ఇరవై నిమిషాల నడక. 1905 నుంచి రాడ్‌క్లిఫ్ అనే ఇంగ్లిష్ కుటుంబం పెంచిన తోట ఇది. తర్వాత వృక్షశాస్త్రం తెలిసిన మేబడ్ కాంప్‌బెల్ దీన్ని విస్తరించి, 1966లో ప్రభుత్వానికి అప్పగించింది. విస్తీర్ణం సుమారు ఒక హెక్టారే, కానీ మొక్కల సంఖ్య వెయ్యి దాటుతుంది. మెల్లగా చూస్తే గంటన్నర.

వృక్షశాస్త్రం మీద ఆసక్తి లేకపోయినా ఒక చెట్టు దగ్గర ఆగండి. దాని పేరు టోరోమిరో. పసిఫిక్‌లోని ఈస్టర్ దీవికి చెందినది, ఆ దీవి మీద 20వ శతాబ్దం మధ్యలో అంతరించింది. బయటికి తీసుకెళ్లిన విత్తనాల నుంచి కొన్ని వృక్షశాస్త్ర తోటల్లోనే బతికింది. చూడటానికి మామూలు పొద లాగే ఉంటుంది, పేరు పలక చదవకపోతే దాటిపోతారు.

మన ఉమ్మెత్తకు బంధువులైన, గంటల్లా కిందికి వేలాడే పూల మొక్కలు కూడా ఇక్కడ ఉంటాయి. సాయంత్రం వాసన గాఢంగా ఉంటుంది. మొక్క మొత్తం విషమే, పిల్లలను తాకనివ్వకండి. అరటి, కాగితం పూలు, సుగంధ ద్రవ్యాల మొక్కలు మనకు కొత్త కాదు. సమయం తక్కువైతే వాటిని వదిలేసి దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా మొక్కల వైపు వెళ్లండి. నీటి కుంటల దగ్గర మే నుంచి అక్టోబర్ దాకా పగలు కుట్టే చారల దోమ ఉంటుంది. పొడవు చేతుల చొక్కా, దోమల మందు రాసుకోవడం ఈ తోటకు తప్పనిసరి.

తోట ఇంకా తెరవకపోతే ఎండలో గేటు ముందు నిలబడకండి. దగ్గర్లోనే పియాన్ ఒలీవ్ తోట ఉంది: మూడు హెక్టార్లు, 500కు పైగా ముసలి ఒలీవ్ చెట్లు, టికెట్ లేదు, బెంచీలున్నాయి. తెచ్చుకున్న ఫుగాస్ తినడానికి ఇంతకన్నా మంచి నీడ ఊళ్లో లేదు.

6. శుక్రవారం: ఫోంతానా రోజా, మారియా సెరేనా, ఆపై గోర్బియో లోయ

ఫోంతానా రోజా గరవాన్ స్టేషన్‌కు ఐదు నిమిషాల దూరం. స్పెయిన్ నవలాకారుడు విసెంతె బ్లాస్కో ఇబాన్యెజ్ 1920లలో ఇక్కడ స్థిరపడి, తనకు ఇష్టమైన రచయితల పేరున తోట కట్టుకున్నాడు. సెర్వాంటెస్, బాల్జాక్, డికెన్స్ లాంటివాళ్లకు ఇందులో చోటుంది. బెంచీలు, స్తంభాలు, నీటి తొట్లు అన్నీ స్పెయిన్ తరహా రంగు పింగాణీ పలకలతో కట్టినవే. డాన్ క్విక్సోట్ కథను పలకల మీద బొమ్మలుగా చెప్పిన గుండ్రటి కట్టడం దీనికి గుండెకాయ. 1928 జనవరిలో ఆయన ఇక్కడే చనిపోయాడు. తర్వాత దశాబ్దాల పాటు పలకలు రాలిపోయాయి, బాగుచేత ఇప్పటికీ దశలవారీగా సాగుతోంది. కొన్ని భాగాలకు తాడు కట్టి ఉంటే ఆశ్చర్యపోవద్దు. పూల కోసం వచ్చేవాళ్లకు ఇది నిరాశే, కట్టడాల పనితనం ఇష్టపడేవాళ్లు మాత్రం కదలరు.

గైడ్ సందర్శనకు పది నిమిషాలు ముందే చేరండి. గేటు ఒకసారి మూశాక ఆలస్యంగా వచ్చినవాళ్లను తీసుకోకపోవచ్చు.

అదే రోజు మారియా సెరేనా సందర్శన కూడా పడితే కలపండి, సరిహద్దు దగ్గర ఒడ్డునే ఉంటుంది. తాటి జాతి చెట్లు, వాటిలాగే కనిపించే సైకాస్ మొక్కలే ప్రధానం. ఆ మూలలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి పోదని ఊరివాళ్లు గొప్పగా చెబుతారు. తాటి, ఈత చెట్ల మధ్య పెరిగిన మనకు ఇది అంత అబ్బురంగా ఉండదు. ఒక్కటే వదలాల్సి వస్తే దీన్నే వదలండి.

మధ్యాహ్నం సెర్ ద లా మదోన్. మాంతోన్ తోటల్లో అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికి. ఇంగ్లండ్‌లో హిడ్‌కోట్ తోటను తీర్చిదిద్దిన లారెన్స్ జాన్‌స్టన్ 1924లో గోర్బియో లోయలో ఈ కొండవాలు కొన్నాడు. ఇంగ్లండ్ చలికి తట్టుకోని మొక్కలను పెంచడమే ఉద్దేశం. వాటి కోసం 1927లో దక్షిణాఫ్రికాకు, తర్వాత చైనాలోని యునాన్‌కు స్వయంగా యాత్ర చేశాడు. పాత ఒలీవ్ తోట కోసం కట్టిన రాతి గట్ల మెట్లను అలాగే ఉంచి, ఒక్కో మెట్టునూ ఒక్కో గదిలా తీర్చాడు. అందుకే ఒకచోట నిలబడితే తోట మొత్తం కనబడదు. మలుపు తిరిగినప్పుడల్లా కొత్త గది తెరుచుకుంటుంది. మధ్యలో కలువల కొలనులు, వాటి పక్కన విగ్రహాలు.

చూసే పద్ధతి: ముందు కొలనుల మెట్టు దాకా ఎక్కి కాసేపు కూర్చోండి, తర్వాత ఇంటి వైపు, ఆపై ఎత్తు గట్లకు వెళ్లి, వేరే దారిన దిగండి. రెండు గంటలు పెట్టుకోండి. నేల ఎగుడుదిగుడు, మెట్లకు చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. చక్రాల కుర్చీకి, పిల్లల తోపుడు బండికి కుదరదు. చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి. ఇది తీర్చి దువ్విన పూల పాదుల తోట కాదు, కొన్ని మూలలు కావాలనే విచ్చలవిడిగా వదిలారు. పాడుబడిందనుకుని త్వరగా వచ్చేసేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

తోట ఊరి మధ్య నుంచి మూడు కిలోమీటర్ల దూరం. గోర్బియో వైపు బస్సు వెళ్తుంది, కానీ అరుదు. ఎక్కే ముందే తిరుగు బస్సు వేళ ఫొటో తీసుకుని, తోటలో గడిపే సమయాన్ని దానికి తగ్గట్టు కొలవండి. బస్సు తప్పితే దిగే దారి నడవొచ్చు, ముప్పావు గంట. అయితే రోడ్డు ఇరుకు కాబట్టి చీకటి పడకముందే దిగాలి.

7. శనివారం: హన్‌బరీ

సరిహద్దు అవతల లా మోర్తోలా గ్రామంలో 18 హెక్టార్ల తోట. షాంఘైలో వ్యాపారం చేసి సంపాదించిన థామస్ హన్‌బరీ 1867లో ఈ కొండకొమ్మును కొన్నాడు. ఔషధ మొక్కలు చదివిన అన్న డేనియల్ సాయంతో మొక్కలు నాటించాడు. తోట మధ్యలోంచి పాత రోమన్ రహదారి వెళ్తుంది.

మాంతోన్ నుంచి రైల్లో వెంటిమిల్యా, అక్కడి నుంచి సరిహద్దు వైపు వెళ్లే బస్సు. ఇటలీలో బస్సు టికెట్ పొగాకు దుకాణంలోనో, బస్సు ఎక్కే ముందు ఫోన్లోనో కొనుక్కోవడం తేలిక. రానూ పోనూ రెండు టికెట్లూ ఒకేసారి తీసుకోండి, లా మోర్తోలాలో దుకాణం తెరిచి ఉంటుందన్న భరోసా లేదు. గరవాన్ నుంచి నడిచి వెళ్లొచ్చని పటం చూస్తే అనిపిస్తుంది. మలుపుల రోడ్డు, చాలాచోట్ల కాలిబాట లేదు, వద్దు.

ద్వారం పైన, సముద్రం కింద, మధ్యలో వంద మీటర్ల ఎత్తు తేడా. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, కానీ బయటికి రావాలంటే అంతా తిరిగి ఎక్కాలి. చివరి ప్రవేశ సమయానికి వెళ్తే ఎక్కడానికి టైం చాలదు. రెండున్నర గంటలు, మనిషికి లీటరు నీళ్లు లెక్క పెట్టుకోండి. పెద్దవాళ్లు సగం దూరంలోని భవంతి దాకా దిగి అక్కడే ఆగితే తోటలో మంచి భాగం చూసినట్టే. ఆ దిగువన నిమ్మజాతి చెట్లు ఉంటాయి. దబ్బ, నారింజ, కమలా పోల్చుకోగల మనవాళ్లకు అక్కడ తెలియని రకాలు చాలానే దొరుకుతాయి.

ఏ తోటలోనూ గింజ, కొమ్మ, రాలిన కాయ ఏరుకోవద్దు. తోట నియమం ఒకటైతే, అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు, విత్తనాలు భారత్‌లోకి తేవడం మొక్కల క్వారంటైన్ నిబంధనలకు విరుద్ధం. ఊరికి తేవాలంటే నారింజ, నిమ్మ తొక్కల జామ్ సీసాలు కొనండి. వాటిని బట్టల్లో చుట్టి చెక్‌ఇన్ సామానులో వేయండి. చేతి సంచిలో పెడితే వంద మిల్లీలీటర్లు దాటిన జామ్‌ను భద్రతా తనిఖీలో తీసేస్తారు.